ఆదరణ వాక్యము: రాష్ట్రేతరాంధ్ర క్రైస్తవులలో బైబిలు పలుకుతో నోదార్చు సంప్రదాయము

తెలుగు బైబిలు మొదట తెలుగుదేశమున పుట్టలేదు, చెన్నపట్టణమున పుట్టెను. జర్మనీ దేశస్థుడగు బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి చేరి, 1726లో చెన్నపట్టణమునకు వచ్చి, అచటి వీథులలో తఱచుగా వినవచ్చు తెలుగును నేర్చుకొని, మొదట కొత్త నిబంధనమును, పిదప 1732 నాటికి పాత నిబంధనమును మన భాషలోనికి దెచ్చెను. ఆ యనువాదము అచ్చునకు నోచుకొనలేదు. ఆయన 1743లో స్వదేశమునకు మరలిపోయెను. అయినను తెలుగున బైబిలు సాంతముగా వ్రాయబడిన మొదటి తావు తమిళదేశమందలి యొక తెలుగు పేటయే యనునది రాష్ట్రేతరాంధ్రుల చరిత్రను వ్రాయువారు విస్మరింపరాని విషయము. ఈ సంపుటమున నేనీ విషయము నెన్నుకొనుటకు ఇది మొదటి హేతువు.

రెండవ హేతువు వేఱు. అనువాదముల చరిత్రను, మిషనుల చరిత్రను వ్రాసినవారు మనలో నున్నారు. కాని ఆ గ్రంథము ఇంటిలోనికి వచ్చిన పిమ్మట నేమి చేసెను? బిడ్డను పోగొట్టుకొన్న తల్లియొద్ద, తప్పు చేసి కుమిలిపోవు యువకుని యొద్ద, వ్యాధిచే మంచము పట్టిన వృద్ధుని యొద్ద, ఏ వాక్యమును, ఎవరు, ఏ తీరున చదివిరి? నేడు దీనిని ‘క్రైస్తవ కౌన్సెలింగు’ అని వ్యవహరించుచున్నారు. దీని చరిత్రను మాత్రము ఎవరును శ్రద్ధగా వ్రాసినట్లు నాకు గానరాదు. నాకు తెలిసినంత మేరకు ఇచట విన్నవింతును.

షుల్జ్ విద్యనభ్యసించిన హాలే నగరము భక్త్యుద్యమమునకు ఆటపట్టు. 1675లో ఫిలిప్ యాకోబ్ స్పేనరు వెలువరించిన గ్రంథముతో తల యెత్తి, ఆగస్టు హెర్మన్ ఫ్రాంకెచే హాలేలో వేళ్లూనిన యా యుద్యమమునకు ముఖ్యసూత్ర మొకటి యుండెను: వాక్యము సభకు మాత్రమే కాదు, ఒక్కొక్క మనుష్యునకు వేఱువేఱుగా చెప్పబడవలెను. జర్మనులు దీనిని ‘జేల్సోర్గె’ యందురు. ఆత్మసంరక్షణ మని మనము చెప్పుకొనవచ్చును. షుల్జ్ హాలేకు మరలి 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చు వేయించినపుడు, వానిలో మార్టిన్ లూథరుని చిన్న ప్రశ్నోత్తరి చేరియుండుట కాకతాళీయము కాదు. 1529 నాటి యా ప్రశ్నోత్తరిలో ప్రతి ప్రకరణమునకును పై భాగమున, ఇంటి యజమానుడు దీనిని తన యింటివారికి నేర్పవలసిన విధమిది యని వ్రాయబడియుండును. తెలుగు అచ్చు చరిత్రలో తొలి పుస్తకములుగా పండితులు లెక్కించునవి ఈ హాలే ముద్రణములే. అనగా మన లిపి సీసపు అక్షరములలో మొదట పోతపోయబడినది కావ్యము కొఱకును గాదు, రాజశాసనము కొఱకును గాదు. తండ్రి బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని యడుగవలసిన ప్రశ్నల కొఱకు. ఈ సంగతి తెలిసిననాడు నాకు కొంత యాశ్చర్యము గలిగెను.

ఇక మాటలను గూర్చి. పరభాషనుండి వచ్చిన భావమును మన పూర్వులెట్లు గ్రహించిరో తెలిసికొనవలె నన్నచో వారేరుకొన్న మాటలకంటె నమ్మదగిన సాక్ష్యము లేదు. నేటికిని మన సంఘములలో చదువబడుచున్న తెలుగు బైబిలులో ఆలోచన చెప్పు వానికి మూడు పేరులు గలవు. యెషయా గ్రంథము తొమ్మిదవ అధ్యాయమున ‘ఆలోచనకర్త’ యని యున్నది. యోహాను సువార్త పదునాల్గవ అధ్యాయమున ‘ఆదరణకర్త’ యని యున్నది. యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయమున ‘ఉత్తరవాది’ యని యున్నది. విచిత్రమేమనగా, తుది రెండింటికిని గ్రీకు మూలమున నున్నది ఒకే మాట: ‘పరాక్లేతొస్’. ప్రక్కకు పిలువబడినవాడని దాని యవయవార్థము. న్యాయస్థానమున మన పక్షమున మాటలాడువాడును వాడే, దుఃఖమున మన ప్రక్కన గూర్చుండువాడును వాడే. మన యనువాదకులు ఒకచోట కచ్చేరి మాటను, వేఱొకచోట ఇంటి మాటను వాడి, రెండర్థములను విడదీసిరి. దీనిచే లాభమును కలిగెను, నష్టమును కలిగెను. గ్రీకు నెఱిగినవానికి ఓదార్చువాడు వకాలతు పుచ్చుకొన్నవాడు కూడ నని తోచును. తెలుగు మాత్రమే చదివినవానికి ఆ సంబంధము కనబడదు.

‘ఆదరణ’ యను మాటయే చూడుడు. కావ్యములందు ఆదరించుట యనగా గౌరవించుట, మన్నించుట. రాజు కవిని ఆదరించును. క్రైస్తవుల తెలుగున ఆదరించుట యనగా ఓదార్చుట. అట్లే ‘సమాధానము’ మనకు ప్రశ్నకు బదులు, వారికి శాంతి. చెన్నపట్టణమున నొక తెలుగు పంతులుగారు క్రైస్తవ మిత్రుని యింటి గోడపై ‘సమాధానము’ అను మాటను జూచి, ప్రశ్న యేదని యడిగెనని పెద్దలు హాస్యముగా చెప్పుకొనుట వింటిని. కాని ఈ యర్థభేదమున నొక యందము గలదు. దుఃఖించువానిని ఓదార్చుట వానిని మన్నించుటయే యని ఆ మాట తనకు తెలియకయే చెప్పుచున్నది.

నాల్గవ మాట ‘బుద్ధి చెప్పుట’. పౌలు పత్రికలలో ‘నూథెతెఓ’ యను గ్రీకు క్రియ పలుమాఱులు వచ్చును. ‘నూస్’ అనగా మనస్సు, బుద్ధి. తక్కిన భాగమునకు పెట్టుట యని యర్థము. ‘బుద్ధి చెప్పుట’ యను మన జాతీయము ఆ గ్రీకు మాటకు అతికినట్లుగా నున్నది. అమెరికాలో జే ఆడమ్స్ అను బోధకుడు 1970లో వెలువరించిన గ్రంథమున ఈ క్రియనే పట్టుకొని ‘నూథెటిక్ కౌన్సెలింగు’ అను పద్ధతిని నిర్మించెను. మనస్తత్త్వ శాస్త్రము నాశ్రయింపక, వాక్యముతోనే మనుష్యుని తప్పును చూపి, సరిదిద్దవలె నని యాయన వాదము. ఈ వాదమునకు మన దేశమునను అనుయాయులు గలరు. నా యభిప్రాయమున నిది పౌలు వాక్యమును సగమే చదువుట. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయమున ఆ క్రియ క్రమము తప్పినవారి విషయముననే వాడబడినది. గుండె జాఱినవారికి వేఱొక క్రియ, బలము లేనివారికి మఱియొక క్రియ, అందఱి యెడలను ఓర్పు అని పౌలు వివరముగా విభజించెను. జ్వరమునకును, ఎముక విఱుగుటకును ఒకే మందు నిచ్చు వైద్యుని మనము నమ్ముదుమా? క్రీ. శ. 590 ప్రాంతమున రోము నగరపు గ్రెగొరీ వ్రాసిన కాపరుల గ్రంథము ఈ విభజనమునే విస్తరించి, ధనికునకు, దరిద్రునకు, తొందరపాటు గలవానికి, పిఱికివానికి వేఱువేఱుగా చెప్పవలసిన తీరును వివరించెను. ఆ మార్గము పదునాలుగు వందల యేండ్ల నాటిది.

తెలుగువారి కథకు మరలుదము. 1805లో లండను మిషనుకు జెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనువారు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయ డను బ్రాహ్మణుడు వారికి అనువాదమున తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను గతించిరి. వారి సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఎడ్వర్డ్ ప్రిచెట్టు కొత్త నిబంధనము 1818లో చెన్నపట్టణమున వెలువడెను. ఈ యచ్చు పుస్తకములును, వానితో వచ్చిన చిన్న కరపత్రములును ఉత్తరమున గంజాము సీమ వఱకు వ్యాపించెను. అచటనే మన కథానాయకుడు దొరకును.

పురుషోత్తమ చౌధరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించెను. వంశము వంగదేశపు బ్రాహ్మణ వంశము, పలుకు తెలుగు, నివాసము ఒడియా తెలుగుల సరిహద్దు. తెలుగున అచ్చైన క్రైస్తవ రచనలను జదివి, చాలకాల మాలోచించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. అచట ఇంగ్లాండు బాప్తిస్టులు 1822 నుండి పని చేయుచుండిరి. పిదప శ్రీకాకుళము, బరంపురము మొదలగు తావులలో బోధకుడై, 1890లో దివంగతుడగు వఱకు కీర్తనలను రచించుచునే యుండెను. వాని సంఖ్య నూఱునకు మించును. నేటికిని తెలుగు క్రైస్తవుల కీర్తనల గ్రంథమున ఆయన పేరు పుట తరువాత పుటలో కనబడును.

చౌధరిగారిని సంగీత చరిత్రకారులు కవిగానే చూచిరి. ఆయన వాక్యోపదేశకుడు కూడ. అక్షరజ్ఞానము లేని వితంతువు కీర్తనల గ్రంథము నెట్లు చదువును? చదువలేదు, కాని రాగతాళములతో వచ్చిన పశ్చాత్తాపగీతమును ఒకమాఱు విన్న మీదట మఱవదు. బైబిలునందలి కీర్తన 51లో దావీదు మొఱ, కీర్తన 130లో అగాధమునుండి వెడలిన కేక, ఇవి యా కీర్తనలలో తెలుగు భజన బాణీలో కరగినవి. ఒడిషా రాష్ట్రము 1936 ఏప్రిలు 1న ఏర్పడి, బరంపురము, పర్లాకిమిడి అందు చేరిన పిమ్మట, అచటి తెలుగువారికి పాఠశాలలు తఱిగినవి, కచ్చేరి భాష మాఱినది. మూసిన బడితో పాటు పాట మాయలేదు. ముసలివాండ్ర నోట నిలిచెను. సరిహద్దున పుట్టిన కవి సరిహద్దు కావలనున్నవారికే యెక్కువగా నక్కఱకు వచ్చెనని చెప్పవచ్చును.

ఇక దక్షిణమున జరిగిన యొక సంఘటనము. 1876 నుండి 1878 వఱకు వచ్చిన మహాక్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాము కాలువలో మూడుమైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు గుత్తను తానే తీసికొనెను. మేస్త్రీల దౌర్జన్యమునకు మాదిగలు జంకుచుండుటచే, తమవారి పర్యవేక్షణమున నైనచో వారు పనికి వచ్చి ప్రాణములు దక్కించుకొందురని యాయన తలంపు. బోధకులే మేస్త్రీలైరి. విశ్రాంతి వేళలలో వారు కూలీలతో కూర్చుండి మాటలాడుచుండిరి. అపుడు మరలమరల చెప్పబడిన వాక్యము మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయము తుదను గలది. అలసి బరువులు మోయువారిని పిలిచి విశ్రాంతి నిచ్చెదనను వాక్యము. పండితుల బల్లయొద్ద ఆ బరువు రూపకము. కాలువ గట్టున తలపై మట్టితట్ట మోసికొని వచ్చి దించినవానికి అది రూపకము కాదు. ఏ వాక్యము ఎవరికి పని చేయునో నిర్ణయించునది వ్యాఖ్యానము కాదని, వినువాని మెడనొప్పి యని నే ననుకొందును.

క్లౌ చేసిన వేఱొక పని యింతకంటె నెన్నదగినది. క్షామము సాగిన కాలమున, సుమారు పదునైదు నెలలు, ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నమునకై వచ్చినవారని లోక మనరాదు, వచ్చినవారును అట్లనుకొనరాదు. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యనే యందఱును చెప్పుదురు. పదునైదు నెలల నిరీక్షణమును కొందఱే చెప్పుదురు. ఓదార్పును ఎరగా వాడరాదను నియమము కౌన్సెలింగు పాఠ్యగ్రంథములలో నిపుడు మొదటి పుటలలో నుండును. అదే సంవత్సరమున లైమన్ జ్యూయెట్టు నెల్లూరు విడిచి చెన్నపట్టణమున తెలుగువారికై నెలకొనెను. షుల్జ్ వదలిన తావున నూఱేండ్లు దాటిన పిదప మరల తెలుగు పని యారంభమయ్యెను.

ఈ సంఘములలో ఆచారము క్రమముగా నెట్లు రూపొందినదో చెప్పెదను. మరణము జరిగిన యింట కొన్నినాళ్లకు ‘ఆదరణ కూటము’ జరుగును. ఇంటివారు చాపలు పఱతురు. అయ్యగారు (కాపరిని ఇట్లే పిలుతురు, ఆయన భార్యను అమ్మగారందురు) వచ్చి కీర్తన 23నో, 90నో, 121నో చదువును. అంతకుముందే, శవము లేవక మునుపే, పని చేసినది వేఱొకరు: బైబిలు స్త్రీ. సంచిలో పుస్తకముతో ఇల్లిల్లు తిరుగు నామె అయ్యగారు పోలేని వంటయింటిలోనికి పోగలదు. పురిటిలో బిడ్డ చచ్చిన స్త్రీ, భర్త చేతి దెబ్బలు తిన్న స్త్రీ, తన మాట మొదట నామెకే చెప్పెను. మిషను నివేదికలలో ఈ స్త్రీల కొక పంక్తియే దొరకును. వారి జీతము రూపాయలలో నుండును, వారి పేరుండదు.

యానాములో తీరు వేఱు. ఫ్రెంచివారి పాలనమున నుండి, 1954 నవంబరు 1న భారతదేశమున చేరిన యా పట్టణమున క్రైస్తవము కథోలిక మార్గమున వచ్చెను. రెండవ వాటికను మహాసభ 1962 నుండి 1965 వఱకు జరుగు దనుక పూజ లాటినులోనే సాగెను. కాని పాపసంకీర్తనము మాత్రము చెప్పువాని భాషలోనే జరుగక తప్పదు గదా! బలిపీఠమున లాటిను, తెర చాటున తెలుగు. బళ్లారిలో 1810 నుండి లండను మిషనువారు కన్నడమున పని చేసిరి. జాన్ హ్యాండ్సు కన్నడ బైబిలు అచటినుండి వచ్చినదే. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన పిమ్మట అచటి తెలుగు కుటుంబములకు రెండు భాషల బైబిళ్లును ఒకే బీరువాలో నుండుట సహజమయ్యెను.

ఇంతవఱకు మంచినే చెప్పితిని. వాక్యము గాయముచేయుటయు కలదు, దానిని దాచుట చరిత్ర కాదు. ‘మీ పాపము వలననే బిడ్డ పోయె’ ననువారు ప్రతి యూరనుందురు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటలాడక నేలపై కూర్చుండిరి. అంతవఱకు వారు మంచి యుపచారకులు. నోరు తెఱచినది మొదలు చెడిపోయిరి. గ్రంథము తుద దేవుడు కోపించినది మొఱపెట్టిన యోబు మీద కాదు, సిద్ధాంతము చెప్పిన ఆ స్నేహితుల మీద. ఏలీ యాజకుని కథయు నట్టిదే. సంతానము లేక పెదవులు మాత్రమే కదలించుచు ప్రార్థించిన హన్నాను జూచి ఆయన మద్యము త్రాగినదని మందలించెను. ఆమె బదులు చెప్పినపుడు మాత్రము తన తప్పు దిద్దుకొని దీవించెను. అడుగక ముందే రోగమును నిర్ణయించు కాపరికి ఈ యధ్యాయమొక దర్పణము.

భార్యను కొట్టువాని యింట ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయము 22వ వచనమును మాత్రము చదివి, ఓర్చుకొమ్మని చెప్పి వచ్చిన పెద్దలను నేనెఱుగుదును. 21వ వచనము ఒకరికొకరు లోబడుమనుచున్నది; 25 మొదలు చెప్పినదంతయు భర్తకు. ఆ పంక్తులను దాటిపోవుట వాక్యమును వినియోగించుట కాదు, దొంగిలించుట. 2005లో గృహహింస నిరోధక చట్టము వచ్చిన పిమ్మటనైన ఆ పెద్దలు పోలీసు ఠాణాకు దారి చూపుట కూడ ఆదరణయే యని తెలిసికొనవలసియున్నది.

ఏలీయా కథ నాకు ప్రియమైనది. రాజుల మొదటి గ్రంథము పందొమ్మిదవ అధ్యాయమున ఆయన ఎడారిలో చెట్టు క్రింద కూర్చుండి చావు కోరెను. హీబ్రూ మూలమున నది ‘రోతెము’ అను ఎడారి పొద. మన యనువాదకులు దానిని బదరీవృక్షము చేసిరి, అనగా రేగు. పొద మాఱినను చికిత్స మాఱలేదు. దూత వచ్చి ఉపదేశము చేయలేదు. తట్టి లేపి, కాల్చిన రొట్టెను, నీటిని చూపెను. మరల పండుకొన నిచ్చెను. మరల తినిపించెను. ప్రశ్న యడుగుట నలువది దినముల తరువాత. మనోవ్యాధి గలవానికి నిద్ర, ఆహారము, వైద్యుడు ముందని చెప్పువారు వాక్యవిరోధులని కొందఱనుట విని నేను ఈ యధ్యాయమునే చూపుదును. ఆంటన్ బోయిసెన్ అను అమెరికా బోధకుడు తానే మనోవ్యాధికి లోనై చికిత్సాలయమున నుండి, పిదప 1925లో వూస్టరు మానసిక వైద్యశాలయందు బోధకవిద్యార్థులకు శిక్షణ నారంభించెను. గ్రంథమును చదివినంత శ్రద్ధతో రోగిని చదువవలెనని యాయన నేర్పెను. మన దేశమున ఆ ధోరణి వేలూరులో నిలద్రొక్కుకొనెను. 1970 దశకమున అచట క్రైస్తవ కౌన్సెలింగు కేంద్రము శిక్షణ నీయసాగెను. వేలూరు వైద్యశాలకు తరతరములుగా పోవు తెలుగు రోగుల సంఖ్య నెఱిగినవారికి, అచట తెలుగున మాటలాడగల యుపచారకుని విలువ చెప్పనక్కఱలేదు.

ఇచటనే మన చిక్కు. కొన్నియేండ్ల క్రిందట చెన్నపట్టణమున నొక వైద్యశాలలో, మా వీథికి జెందిన వృద్ధురాలి నడుగ బోయితిని. ఆమె యేబదియేండ్లు తమిళమున కూరలమ్మినది. ఆ భాష ఆమెకు నీళ్లప్రాయము. మనుమడు బుద్ధిమంతుడు, అవ్వ మంచము ప్రక్కన కూర్చుండి తమిళ బైబిలునుండి కీర్తన 23 చదివెను. ఆమె విని, ‘బాగుంది నాయనా, మనది చదువు’ అనెను. కుఱ్ఱడు తెల్లబోయెను. వానికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. తలగడ క్రింద నున్న పాత తెలుగు పుస్తకమును తీసి నాచేతి కిచ్చెను. నేను చదువుచుండగా ఆమె నాకంటె ముందుగానే పెదవులతో చెప్పుకొనుచుండెను. పుస్తకము నాకు గావలసెను గాని ఆమెకు గాదు.

ఆ పుస్తకపు అట్ట లోపలి తెల్లకాగితముపై మూడు తరముల చేవ్రాతలు గలవు. మొదటివి కలముతో గుండ్రని తెలుగున వ్రాసిన జననములు, బాప్తిస్మములు, పెండ్లిండ్లు. ఒక పేరు ప్రక్కన ‘కలరా’ యని యొక మాట, దాని క్రింద ఒక కీర్తన సంఖ్య. నడిమివి పెన్సిలుతో, తమిళ తెలుగులు కలసి. తుదివి ఇంగ్లీషున. ఏ మరణమున ఏ వాక్యము చదువబడెనో ఆ సంఖ్యలు చెప్పుచున్నవి. ఇట్టి పుటలు బరంపురమున, బళ్లారిలో, యానాములో, షోలాపురమున ఎన్ని యిండ్లలో నున్నవో తెలియదు. పుస్తకము చినిగినపుడు మొదట రాలిపోవునది ఆ కాగితమే. వానిని చూచి నకలు వ్రాసి పంపగల యువకులు ప్రతి సంఘమునను ఒక్కరైన దొరకినచో, రాబోవు సంపుటమున ఈ వ్యాసమును నేను మరల, ఇంతకంటె బాగుగా, వ్రాయగలను.